పాత ఆటకు పాత గడియారం: తుక్కు విడిభాగాలతో ఆటల కంప్యూటర్

1980లలో రాసిన ఒక చిన్న కార్ల పందెం ఆటను పదిహేనేళ్ల తరువాత తయారైన పెంటియం కంప్యూటర్ మీద నడిపితే ఏమవుతుందో మీకు తెలుసా? మీరు మీట మీద వేలు పెట్టేలోపే కారు రోడ్డు దిగి, గోడను గుద్దుకుని, ఉన్న మూడు ప్రాణాలూ పోయి, ఆట ముగిసిందన్న అక్షరాలు తెర మీద కనిపించవచ్చు. కంప్యూటరులో లోపం లేదు. ఆట రాసినవాడి లెక్కా తప్పు కాదు. అతడు లెక్క వేసిన యంత్రం వేరు, మీ ముందున్న యంత్రం వేరు.

ఈ ఒక్క సంగతి అర్థమైతే, పాత విడిభాగాలతో ఆటల కంప్యూటర్ కూర్చడంలో సగం పని తెలిసినట్లే. అటక మీద దొరికిన భాగాలన్నీ ఒక పెట్టెలో బిగించినంత మాత్రాన పాత ఆటలు ఆడవు. మీరు ఏ కాలపు ఆటలు కావాలనుకుంటున్నారో ఆ కాలపు వేగం, ఆ కాలపు శబ్దం, ఆ కాలపు తెర ఒకదానితో ఒకటి పొసగాలి.

ఖరగ్‌పూర్ రైల్వే ఊరును దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాయడానికి కారణం ఉంది. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి హౌరాతో కలిసిన తరువాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ పెద్ద వర్క్‌షాపు కట్టింది. అందులో పనికి శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవారి మనుమలు, మునిమనుమలు మథురాకాటీలోనూ నింపురాలోనూ నేటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు. ఆ ఇళ్లలో 'ఓవర్‌హాల్' అన్న మాటకు అర్థం చెప్పనక్కరలేదు. పెట్టె షాపులోకి వస్తుంది, విప్పుతారు, ప్రతి భాగాన్నీ చూస్తారు, అరిగినదాన్ని మార్చి, మిగిలినదాన్ని శుభ్రం చేసి, పరీక్షించి లైను మీదికి పంపుతారు. మనం చేయబోయేది సరిగ్గా అదే పని, కొంచెం చిన్న ఎత్తున.

ఊరికి రెండో వైపున హిజ్లీలో, ఒకప్పటి నిర్బంధ శిబిరం భవనంలో, 1951లో దేశపు మొదటి ఐఐటి మొదలైంది. అక్కడ ఎలక్ట్రానిక్స్ చదివిన అర్జున్ మల్హోత్రా 1976లో హెచ్‌సిఎల్ స్థాపించినవారిలో ఒకరు. ఆ సంస్థ తరువాత అమ్మిన 'బిజీబీ' కంప్యూటర్లు మన దేశంలో ఎన్నో కార్యాలయాల బల్లలమీద కూర్చున్నవి. వాటి బంధువులు ఇప్పుడు తుక్కులో ఉన్నాయి.

తుక్కులో ఏమి ఉంటుంది

పాత కంప్యూటర్లు దుకాణంలో వరుసగా పేర్చి ఉండవు. మూతపడిన కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు, డీటీపీ షాపులు, బదిలీ మీద పోయినవాళ్లు క్వార్టరు అటక మీద వదిలేసిన పెట్టెలు, ఇవే అసలు గనులు. వాటి తరువాత గోల్‌బజార్ లాంటి చోట్ల రిపేరు షాపుల వెనక గదులు, తూకానికి కొనే పాత సామాన్లవాళ్లు. లోకల్ రైల్లో సుమారు రెండున్నర గంటలు కూర్చుంటే హౌరా, అక్కడి నుంచి కలకత్తా చాందినీ చౌక్. మన రాష్ట్రాల పాఠకులు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల గాని, చెన్నై రిచీ స్ట్రీట్‌లో గాని వెదకవచ్చు. అయితే ఇక్కడ ఒక పోటీదారు ఉన్నాడు, అతడికి ఆటలతో పనిలేదు.

386, 486, తొలి పెంటియంలను పింగాణీలాంటి సిరామిక్ పలకలో అమర్చి, పిన్నులకు, లోపలి సన్న తీగలకు బంగారం వాడేవారు. తరువాతి కాలపు ప్లాస్టిక్ ప్రాసెసర్లలో బంగారం చాలా తగ్గింది. అందుచేత పాతవాటికి తుక్కు బజారులో ధర ఎక్కువ. మనకు కావలసిన ప్రాసెసరు, ఆమ్లంలో కరగడానికి ముందుగా వరుసలో నిలబడేది, ఒకటే! ఊరి చివర సందుల్లో ఈ కరగబెట్టే పని చేసేవాళ్లకు చేతులు కాలడం, బోర్డులు కాల్చినప్పుడు టంకంలోని సీసం ఊపిరితిత్తుల్లోకి పోవడం మామూలు. 2011లో మొదలుపెట్టి ఎలక్ట్రానిక్ వ్యర్థాల మీద ప్రభుత్వం నియమాలు చేసింది, 2016లోనూ 2022లోనూ వాటిని మార్చింది. నియమాలు ఉన్నా బోర్డుల్ని కాల్చడం ఆగిపోలేదు. కాబట్టి పాత సామాన్లవాడి దగ్గర "దాదా, ఈ పలకలు విరగ్గొట్టకుండా పక్కన పెట్టు, తూకం ధర కంటే నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తాను" అని ముందే మాట్లాడుకోవడం ఈ విద్యలో మొదటి పాఠం.

4.77 అన్న వింత సంఖ్య

ఇక గడియారం సంగతికి వద్దాం. 1981 ఆగస్టులో ఐబిఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. అందులోని ఇంటెల్ 8088 ప్రాసెసర్ 5 మెగాహెర్ట్జ్ దాకా పనిచేయగలదు. కానీ ఐబిఎం దాన్ని 4.77 మెగాహెర్ట్జ్ దగ్గర నడిపింది. ఎందుకని?

అమెరికాలో అప్పటి కలర్ టీవీలు రంగులను పోల్చుకోవడానికి 3.579545 మెగాహెర్ట్జ్ సంకేతం వాడేవి. దానికి నాలుగు రెట్లు, అంటే 14.31818 మెగాహెర్ట్జ్ వద్ద కంపించే క్వార్ట్‌జ్ స్ఫటికం ఒకటి బోర్డు మీద పెడితే ఒకే పొయ్యి మీద మూడు వంటలు అవుతాయి. దాన్ని 4తో భాగిస్తే టీవీకి కావలసిన రంగుల సంకేతం. 3తో భాగిస్తే 4.77, అది ప్రాసెసరుకు. 12తో భాగిస్తే 1.193182 మెగాహెర్ట్జ్, అది టైమరు చిప్‌కు. వేరే స్ఫటికాలు కొనే ఖర్చు మిగిలింది.

ఆ టైమరు 65,536 దాకా లెక్కపెట్టి ఒకసారి గంట కొడుతుంది. 11,93,182ను 65,536తో మీరే భాగించి చూడండి: సెకనుకు 18.2 గంటలు. ప్రాసెసర్లు వందల రెట్లు వేగం పుంజుకున్నా, పాత ప్రోగ్రాములు తికమక పడకూడదని ఈ 18.2ను దశాబ్దాల పాటు కంప్యూటర్లన్నీ మోసుకొచ్చాయి. అమెరికా టీవీ పెట్టె లోపలి ఒక సంఖ్య, ఆ టీవీ విధానమే లేని మన దేశంలోని కంప్యూటర్ల గుండెలో కూడా అలా కొట్టుకుంది.

ఆట రాసేవాడికి కాలాన్ని కొలవడానికి రెండు దారులుండేవి. ఒకటి, ఈ టైమరు గంటను వినడం. రెండోది ఇంకా సులువు: ప్రాసెసర్ చేత ఊరికే వెయ్యి దాకా లెక్కపెట్టించి, ఆ తరువాత కారును ఒక అడుగు జరపడం. ప్రపంచంలోని యంత్రాలన్నీ 4.77 మెగాహెర్ట్జ్‌వే అయినంత కాలం ఈ రెండో దారిలో తప్పేమీ కనిపించలేదు. 1984లో 6 మెగాహెర్ట్జ్ 286తో ఐబిఎం ఏటీ వచ్చింది, ఆ వెనకే 386లు, 486లు వచ్చాయి. వెయ్యి దాకా లెక్క చిటికెలో అయిపోసాగింది. కారు గోడను గుద్దడం అప్పుడు మొదలైంది.

అందుకే ఆ కాలపు పెట్టెల ముందు భాగంలో 'టర్బో' అనే మీట ఉండేది. పేరు చూసి అది వేగం పెంచుతుందనుకునేవారు. నిజానికి దాని ఉపయోగమంతా పాత ప్రోగ్రాముల కోసం వేగం తగ్గించడంలోనే ఉంది. పక్కన ఎర్రగానో పచ్చగానో వెలిగే అంకెలు '66' అనో '33' అనో చూపేవి. ఆ అంకెలు దేన్నీ కొలవవు! పెట్టె కూర్చినవాడు వెనకవైపు జంపర్లు ఎలా పెడితే అలా చూపుతాయి. కాబట్టి తుక్కులో '100' అని వెలిగే పెట్టెను చూసి లోపల ఉన్నది వంద మెగాహెర్ట్జ్ యంత్రమే అని నమ్మకండి, మూత తీసి చూడండి.

టైమరు గంటను విన్న ప్రోగ్రాములు కూడా అన్నీ క్షేమంగా లేవు. టర్బో పాస్కల్ భాషలో రాసిన ప్రోగ్రాములలో ఒక గ్రంథాలయ భాగం మొదట్లోనే ఒక పని చేసేది: ఒక గంట నుంచి మరో గంటకు, అంటే సుమారు 55 మిల్లీసెకన్లలో, ఎన్ని చుట్లు తిరగగలనో లెక్కించి, ఆ సంఖ్యను 55తో భాగించేది. జవాబును 16 బిట్ల గదిలో పెట్టేది. ఆ గదిలో పట్టే అతి పెద్ద సంఖ్య 65,535. సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన వేగవంతమైన ప్రాసెసర్ల మీద జవాబు గదిలో పట్టక, ప్రోగ్రాము 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని చెప్పి చచ్చిపోయేది. భాగహారం పొంగిపోయినప్పటి దోషానికి ఆ భాష ఇచ్చిన అంకె 200. అది మెగాహెర్ట్జ్‌తో కలవడం కాకతాళీయం.

మరి ఏ యంత్రాన్ని ఎంచుకోవాలి? నా ఉద్దేశంలో మొదటిసారి చేసేవారికి పెంటియం ఎంఎంఎక్స్, 166 నుంచి 233 మెగాహెర్ట్జ్ మధ్యది, మంచి ఎంపిక. 1990ల మధ్యకాలపు ఆటలు దానిమీద హాయిగా నడుస్తాయి. పాతవాటి కోసం దాని లోపలి క్యాష్ స్మృతిని ఆపివేస్తే దాదాపు 386 స్థాయికి దిగివస్తుంది. ప్రాసెసర్ ఒక్కొక్క ఆదేశం కోసం నెమ్మదైన బయటి స్మృతి దాకా పోయి రావలసి రావడమే దీనికి కారణం. ఒక చిన్న డాస్ ప్రోగ్రాముతో ఈ క్యాష్‌ను ఆపవచ్చు, తెరవవచ్చు. అంటే మీ చేతిలో అసలైన టర్బో మీట ఉన్నట్లే. అది దొరకకపోతే 1998లో వచ్చిన ఇంటెల్ 440 బిఎక్స్ చిప్‌సెట్ ఉన్న పెంటియం 2 లేక 3 బోర్డు. 486 బోర్డులకు మోజు ఎక్కువ. ధర, బ్యాటరీ మచ్చలు కూడా ఎక్కువే. మొదటి యంత్రానికి వద్దు.

నౌపడాలో పెట్టె మారినట్లు

శ్రీకాకుళం జిల్లా పెద్దలకు నౌపడా–గుణుపురం చిన్న రైలు గుర్తుండే ఉంటుంది. రెండడుగుల ఆరంగుళాల నారోగేజ్. బ్రాడ్‌గేజ్‌గా మార్చడానికి మూసే ముందు దాకా హౌరా లైను బండి దిగినవాళ్లు నౌపడాలో ఆ చిన్న బండి ఎక్కవలసిందే. బ్రాడ్‌గేజ్ పెట్టెను ఆ పట్టాల మీదికి తోయలేరు. మదర్‌బోర్డు మీద కార్డులు గుచ్చే స్లాట్లు కూడా ఇలాంటి గేజ్‌లే.

పొడవుగా, నల్లగా ఉన్నవి ఐఎస్ఏ స్లాట్లు. సుమారు 8 మెగాహెర్ట్జ్ వేగం, 16 బిట్ల వెడల్పు. చిన్నగా, తెల్లగా ఉన్నవి పీసీఐ స్లాట్లు, 33 మెగాహెర్ట్జ్, 32 బిట్లు. ఒంటరిగా, గోధుమరంగులో, కాస్త లోపలికి జరిగి ఉన్నది ఏజీపీ, గ్రాఫిక్స్ కార్డుకు మాత్రమే. కొన్ని 486 బోర్డులలో ఐఎస్ఏ స్లాటు చివర గోధుమరంగు తోక ఉంటుంది, అది వీసా లోకల్ బస్. మీరు బోర్డు కొనేటప్పుడు ముందుగా చూడవలసింది ప్రాసెసర్‌ను కాదు, నల్లటి ఐఎస్ఏ స్లాటు ఒక్కటైనా ఉన్నదా అని. ఇది ఎందుకంత ముఖ్యమో శబ్దం సంగతి చూస్తే తెలుస్తుంది.

మొదటి పర్సనల్ కంప్యూటర్‌కు ఉన్నది ఒకే చిన్న స్పీకరు, 'కీ' మనడం తప్ప ఎరగదు. 1987లో యాడ్‌లిబ్ కార్డు యమహా వైఎం3812 అనే చిప్‌తో వచ్చింది. ఒక తరంగం చేత మరో తరంగాన్ని కదిలించి కొత్త స్వరాలు పుట్టించడం దాని పద్ధతి, ఒకేసారి తొమ్మిది గొంతులు. 1989లో సౌండ్ బ్లాస్టర్ అదే చిప్‌కు రికార్డు చేసిన శబ్దం వినిపించే సామర్థ్యాన్ని చేర్చింది. తుపాకి పేలుడు పేలుడులా వినిపించింది అప్పటినుంచే. 1992లో 16 బిట్ల సౌండ్ బ్లాస్టర్ 16 వచ్చింది.

డాస్ ఆట ఈ కార్డుతో మధ్యవర్తి లేకుండా మాట్లాడుతుంది. 220 అన్న చిరునామాకు నేరుగా అంకెలు పంపుతుంది. శబ్దపు ముక్క అయిపోయినప్పుడు కార్డు 5వ లేక 7వ నంబరు అంతరాయపు తీగ లాగి ప్రాసెసర్‌ను పిలుస్తుంది. మరో ముక్కను స్మృతినుంచి ప్రాసెసర్ ప్రమేయం లేకుండా 1వ నంబరు డీఎంఏ మార్గంలో తెచ్చుకుంటుంది. ఈ డీఎంఏ తీగలు ఐఎస్ఏ స్లాటులో ఉన్నాయి, పీసీఐ స్లాటులో లేవు. తెల్ల స్లాటులో ఎంత ఖరీదైన సౌండ్ కార్డు గుచ్చినా చాలా డాస్ ఆటలు మూగగా ఉండడానికి కారణం ఇదే. అసలు సౌండ్ బ్లాస్టర్ దొరకకపోయినా విచారం లేదు. ఈఎస్ఎస్ ఆడియోడ్రైవ్, యమహా చిప్‌లున్న చౌక ఐఎస్ఏ కార్డులు ఆ రోజుల్లో చాలా కంప్యూటర్లలో ఉండేవి. ఇప్పటికీ చవకగా దొరికేవి అవే, మన పనికి అవి చాలు.

స్మృతి పలకలకు కూడా గేజ్ ఉంది. 30 పిన్నుల సిమ్ ఒకటి 8 బిట్లే ఇస్తుంది. 486కు 32 బిట్లు కావాలి కాబట్టి నాలుగు ఒకేసారి పెట్టాలి. 72 పిన్నులది 32 బిట్లు, కాబట్టి 486కు ఒకటి చాలు, 64 బిట్ల పెంటియంకు జత కావాలి. ఒంటి పలక పెట్టి "బోర్డు పోయింది" అని తుక్కులో వేసినవాళ్లు ఎంతమందో!

ముందు పోయేది చిప్ కాదు

ముప్పై ఏళ్ల ప్రాసెసర్ సాధారణంగా బాగానే ఉంటుంది. పోయేది రసాయనాలున్న భాగం. 286, 386, 486 బోర్డుల మీద పీపా ఆకారంలో నీలం రంగు బ్యాటరీ ఒకటి టంకం వేసి ఉంటుంది. అది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ. కంప్యూటర్ ఆపినా తేదీ, సమయం నిలబెట్టడం దాని పని. కాలక్రమాన దానిలోని పొటాషియం హైడ్రాక్సైడ్ కారి, రాగి దారులను తింటూ పచ్చటి మచ్చగా పాకుతుంది. మేదినీపూర్ ఎర్రమట్టి దుమ్ము, దానిమీద వానాకాలపు తేమ తోడైతే ఇక చెప్పనక్కరలేదు. బోర్డు కొనేముందు బ్యాటరీ చుట్టూ నాలుగంగుళాల మేర దీపం వేసి చూడండి. పచ్చదనం కీబోర్డు కనెక్టరు దాకా పాకి ఉంటే వదిలేయండి.

మచ్చ చిన్నదైతే బ్యాటరీని కత్తిరించి తీసేసి, కారినది క్షారం గనుక వెనిగర్‌ను దూది పుల్లతో అద్ది విరిచివేయాలి. తరువాత శుభ్రమైన నీటితో, ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఒకరోజు ఆరనివ్వాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి, కాడ్మియం విషం. కొత్త బ్యాటరీని బోర్డు మీద మళ్లీ టంకం వేయకండి. చాలా బోర్డులకు బయటి బ్యాటరీ కోసం నాలుగు పిన్నులుంటాయి. అక్కడికి తీగలు లాగి ఘటాలను దూరంగా పెట్టండి. మామూలు ఘటాలను చార్జ్ చేయకూడదు కాబట్టి ప్రవాహం వెనక్కి పోకుండా మధ్యలో ఒక డయోడ్ తప్పనిసరి. పెంటియం కాలపు బోర్డులలో చాలావాటికి నాణెంలాంటి లిథియం ఘటం ఉంటుంది, దాన్ని మార్చడం నిమిషం పని. నేను పెంటియంను ముందుకు తోయడానికి ఇదొక కారణం.

రెండో రసాయనం కెపాసిటర్ల లోపలి ద్రవం. 1999 నుంచి 2007 దాకా తయారైన బోర్డులలో లోపం ఉన్న ద్రవంతో చేసిన కెపాసిటర్లు విపరీతంగా వాడారు. తలలు ఉబ్బి, గోధుమరంగు పొర కట్టి కనిపిస్తాయి. ఇక్కడ విచిత్రమేమంటే 1996 బోర్డు కంటే 2002 బోర్డే ఎక్కువ ప్రమాదం.

మూడోది అయస్కాంత పూత. పాత హార్డ్‌డిస్క్ ఈరోజు తిరిగినా రేపు తిరుగుతుందని హామీ లేదు. దాని బదులు పాత కెమెరాల్లో వాడిన కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టవచ్చు. ఆ కార్డు హార్డ్‌డిస్క్ భాషే మాట్లాడుతుంది గనుక పిన్నులు కలిపే చౌక అడాప్టరు చాలు. ఒక్కటే లెక్క గుర్తుంచుకోండి. పాత బయాస్ డిస్కును 1024 సిలిండర్లు, 16 తలలు, 63 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు అనుకుంటుంది. గుణిస్తే 52,84,82,304 బైట్లు. దానికి మించినది దానికి కనపడదు. 512 మెగాబైట్ల కార్డు ఈ హద్దు లోపలే ఉంటుంది. డాస్ ఆటలకు అదొక సముద్రం, ఫ్లాపీ అంటే 80 ట్రాకులు, 2 వైపులు, 18 సెక్టార్లు, వెరసి 14,74,560 బైట్లే కదా.

కూర్పు

పవర్ సప్లైతో మొదలుపెట్టండి. వెనక 115, 230 అని జరిపే మీట ఉంటే అది 230 మీద ఉండాలి. ఈ పెట్టె మూత తెరవకండి. మన 230 వోల్టుల కరెంటు లోపల ఏకముఖ ప్రవాహంగా మారి సుమారు 325 వోల్టుల దాకా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది, తీగ పీకిన తరువాత కూడా. పాత ఏటీ సప్లైలో ముందు మీటకు వచ్చే తీగలలో నేరుగా మెయిన్స్ కరెంటే ఉంటుంది. వాటి చివరలకు ఇన్సులేషన్ సరిగా ఉన్నదో లేదో చూడాలి. ఒక పనికిరాని హార్డ్‌డిస్క్‌ను భారంగా తగిలించి మల్టీమీటరుతో కొలవండి. ఎర్రతీగ 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య, పసుపుతీగ 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. లేకపోతే ఆ సప్లైకి మీ బోర్డును అప్పగించకండి.

ఏటీ సప్లైనుంచి మదర్‌బోర్డుకు రెండు కనెక్టర్లు వస్తాయి. అవి తారుమారుగా కూడా ఎక్కుతాయి, ఎక్కితే బోర్డు కాలిపోతుంది. రెండింటి నల్లతీగలూ మధ్యలో పక్కపక్కన ఉండాలి. ఈ ఒక్క వాక్యాన్ని చీటీ మీద రాసి పెట్టెకు అంటించండి.

తరువాత బోర్డు, ప్రాసెసర్, స్మృతి, గ్రాఫిక్స్ కార్డు, స్పీకరు. అంతే, ఇంకేమీ వద్దు. కార్డుల బంగారు పళ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టండి. కరెంటు ఇస్తే చాలా బోర్డుల మీద ఒక పొట్టి కూత వినిపిస్తుంది: క్షేమం. ఒక పొడుగు, రెండు పొట్టి కూతలైతే సాధారణంగా గ్రాఫిక్స్ కార్డు సరిగా కూర్చోలేదు. ఆగకుండా కూస్తుంటే స్మృతి పలకలు తీసి మళ్లీ పెట్టండి. రైలు ఊరి పిల్లలకు కూతల అర్థం నేర్పనక్కరలేదు. ఇది సరిపోయాక మాత్రమే ఒక్కొక్క కార్డూ కలుపుతూ, ప్రతిసారీ నడిపి చూస్తూ ముందుకు పోవాలి.

తెర గురించి ఒక మాట. 1987లో వచ్చిన వీజీఏలో ఆటలు రాసేవారికి ప్రియమైన పద్ధతి 320 చుక్కల వెడల్పు, 200 ఎత్తు, 256 రంగులు. చుక్కకు ఒక బైటు చొప్పున 64,000 బైట్లు. పాత ప్రాసెసర్ ఒక్క చూపులో చూడగలిగే స్మృతి ముక్క 65,536 బైట్లు గనుక తెర మొత్తం దానిలో ఇమిడిపోతుంది. ఆ కాలపు ఆటలన్నీ ఒకే రకం చుక్కలతో ఉండడానికి ఇదే రహస్యం. అయితే ఆనాటి తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3. 320ని 200తో భాగించి చూస్తే ఒక్కొక్క చుక్క వెడల్పు కంటే ఎత్తు 1.2 రెట్లు అని తేలుతుంది. బొమ్మలు గీసినవారు అలాగే గీశారు. నేటి వెడల్పాటి తెరలు వాటిని సాగదీసి గుండ్రటి చక్రాలను గుమ్మడికాయలు చేస్తాయి. పాత 4:3 ఎల్‌సిడి తెర దొరికినా చాలు. గాజు గొట్టపు మానిటరు దొరికితే ఇంకా బాగు, కానీ వెనక మూత తీయకండి, లోపల పాతిక వేల వోల్టులదాకా ఉంటుంది.

నడిపించే వ్యవస్థగా 1994 నాటి ఎంఎస్ డాస్ 6.22 గాని, అదే సంవత్సరం మొదలై ఇప్పటికీ ఉచితంగా దొరికే ఫ్రీడాస్ గాని చాలు. 640 కిలోబైట్ల హద్దుతో కుస్తీ తప్పదు. 8088కు ఉన్న 20 చిరునామా తీగలు చూడగలిగేది 10,48,576 బైట్లు. అందులో పై 384 కిలోబైట్లను ఐబిఎం తెరకు, బయాస్‌కు కేటాయించింది. మౌస్, సౌండ్ కార్డు ప్రోగ్రాములను ఆ పైభాగపు ఖాళీల్లోకి ఎక్కించి కింద చోటు మిగల్చడం ఆ రోజుల్లో ఒక కళ. ఒక సాయంత్రం దీనికే పోతుంది.

ఇంత శ్రమ ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. 2002లో వచ్చిన డాస్‌బాక్స్ లాంటి ఎమ్యులేటర్ ప్రోగ్రాము నేటి కంప్యూటరులోనే పాత యంత్రాన్ని అనుకరిస్తుంది, పైసా ఖర్చు లేదు. ఆట ఆడడమే కావాలంటే మీకు అదే మంచిది, సందేహం లేదు. అయితే ఆ అనుకరణ ఎక్కడినుంచి వచ్చింది? అసలు చిప్‌లను కొలిచి. యమహా శబ్దపు చిప్‌ల పైకప్పు తొలగించి, సూక్ష్మదర్శినితో ఫొటోలు తీసి, లోపలి వలయాలను చదివి మరీ ఒక అనుకరణ రాశారు. అసలు యంత్రం ఉన్నంత కాలమే అనుకరణను పక్కన పెట్టి సరిచూడగలం.

మన భాషకు ఇంకో లెక్క ఉంది. ఐఎస్ఏ స్లాటున్న ఈ ఆటల పెట్టె ఆటలకే కాదు. తుక్కులో ఎప్పుడైనా సి-డాక్ పేరు, 'జిస్ట్' అన్న పేరు ఉన్న పొడవాటి కార్డు కనిపిస్తే వదలకండి. డాస్ కాలంలో ఇంగ్లీషు ప్రోగ్రాములలోనే తెలుగు, బెంగాలీ, హిందీ అక్షరాలు చూపిన కార్డు అది. లిపులన్నిటికీ ఒకే సంకేత పట్టిక వాడింది. తెలుగు 'క'కు, బెంగాలీ 'క'కు ఒకే సంఖ్య, లిపి మాత్రమే మారుతుంది. 1991లో ఆ పట్టిక ఇస్కీ పేరుతో భారతీయ ప్రమాణమైంది. మూడు భాషలు ఒకే గోడకు రాసుకునే ఖరగ్‌పూర్‌కు ఇంతకంటే తగిన కార్డు ఏముంటుంది? అలాంటి కార్డుల మీద టైపు చేసిన తెలుగు ఉత్తరాలు, సంఘాల చందా లెక్కలు, నాటక ప్రతులు ఎవరి ఇంట్లోనో ఫ్లాపీలలో ఉండి ఉండవచ్చు. నేటి కంప్యూటర్‌కు ఫ్లాపీ నోరే లేదు. మీ పెట్టెకు ఉంది.

ఆ పనికి దిగితే ముందుగా ఫ్లాపీ లోహపు తలుపును వేలితో జరిపి, నల్లటి పళ్లాన్ని నెమ్మదిగా తిప్పుతూ వెలుతురులో చూడండి. తెల్లటి బూజు చుక్కలుంటే డ్రైవులో పెట్టవద్దు. బూజు డ్రైవు తలకు అంటుకుని తరువాతి ఫ్లాపీనీ గీకేస్తుంది. శుభ్రంగా ఉన్నదాన్ని, మూలనున్న చిన్న కిటికీ తెరిచి, అంటే కంప్యూటర్ దానిమీద ఏమీ రాయకుండా చేసి, అప్పుడు పెట్టండి. మొదటిసారి చదివినప్పుడే మొత్తాన్ని కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు మీదికి నకలు తీయండి; రెండోసారి అది చదవనివ్వకపోవచ్చు.